చిట్టా నిండింది, ఆవర్జా ఏదీ?

అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసిన పాతతరం షావుకారు దగ్గర రెండు పుస్తకాలుండేవి. ఒకటి చిట్టా, రెండోది ఆవర్జా. పొద్దుట్నుంచీ కొట్లో జరిగిందంతా జరిగిన వరసలోనే చిట్టాకెక్కేది. ఫలానా రైతు తోలించిన కాయ, బండి కిరాయి, దింపు కూలి, ఒలుపు కూలి, మధ్యాహ్నం ఎవరికో ఇచ్చిన బయానా, అన్నీ ఒకదాని కింద ఒకటి. దీపాలు పెట్టాక గుమస్తా ఆ చిట్టా ముందేసుకుని ఒక్కో పద్దునీ ఆవర్జాలోకి దించేవాడు. అక్కడ వరస తేదీది కాదు, మనిషిది. రైతుకో పుట, బండివాడికో పుట, అప్పుతీసుకున్నవాడికో పుట. సంక్రాంతి ముందు రైతు వచ్చి "మన లెక్క ఎంతకి తేలింది?" అనడిగితే షావుకారు చిట్టా తీసేవాడు కాదు. ఆవర్జాలో ఆ పేరున్న పుట తీసి, అడుగున కూడిక చెప్పేవాడు.

ఆవర్జా పారసీ మాట. నవాబుల కచేరీల్లోంచి కరణాల ఇళ్లకీ, అక్కణ్నుంచి షావుకార్ల కొట్లకీ నడిచొచ్చి, తెలుగులో చిట్టాతో జత కట్టింది. "చిట్టా ఆవర్జాలు" అని కలిపే అంటారు. ఒకటుండి రెండోది లేకపోతే కొట్టు నడవదు. చిట్టా లేని ఆవర్జాకి సాక్ష్యం లేదు. ఆవర్జా లేని చిట్టాలో ఏదీ దొరకదు.

ఇప్పుడు అదే అంబాజీపేట ధరలు దినపత్రికల జిల్లా పేజీల్లో పట్టికలుగా వస్తాయి. కొత్తకొబ్బరి క్వింటాలు లెక్కన, కురిడీ వెయ్యి కాయల లెక్కన. కురిడీలో మళ్లీ గండేరా, గటగట అని రకాలు. అమలాపురంలో ఎవరైనా ఒక పరిశోధక విద్యార్థి మూడేళ్లపాటు ఈ పట్టికల్ని కంటపడినప్పుడల్లా దాచాడనుకుందాం. కొన్ని ఫోన్లో స్క్రీన్‌షాట్లు, కొన్ని బ్రౌజరు బుక్‌మార్కులు, కొన్ని తనకి తానే పంపుకున్న వాట్సాప్ సందేశాలు. మూడేళ్ల తర్వాత మార్గదర్శకుడు అడుగుతాడు: "గటగట ధర ఏ నెలల్లో పడిపోతోందోయ్?" విద్యార్థి దగ్గర జవాబుంది, కానీ దొరకదు. అతను దాచిందంతా చిట్టా. అందులోంచి దించుకున్న ఆవర్జా లేదు.

ఇలాంటి చోటే "నోట్సు దాచుకోడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అన్న ప్రశ్న పుడుతుంది. ప్రశ్న కొత్తగా కనిపిస్తుంది గానీ గోదావరి తీరంలో అది మూడు నాలుగు వందల ఏళ్లుగా తాటాకు మీదా, కాగితం మీదా నలుగుతూనే ఉంది.

కవిలెకట్ట

గ్రామ కరణం రాసే లెక్కల తాటాకుల్ని కవిలె అనేవారు. ఏ చేనుకి ఏది ఎల్ల, ఏ మాన్యం ఎవరిది, గుడికి ఎవరేం రాసిచ్చారు, ఏ దొర ఏ ఏడు ఎంత శిస్తు కట్టించాడు అన్నవన్నీ అందులో ఉండేవి. కొన్ని ఊళ్లలో తరతరాల సంగతులు కలిపి రాసిన దండకవిలెలు ఉండేవి. కరణం పదవి వంశపారంపర్యం కనక కవిలెకట్టలూ తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. ఏ కట్టలో ఏముందో మాత్రం కట్ట చెప్పదు, కరణంగారు చెప్పాలి. సర్దుబాటు మొత్తం ఆయన తలలో ఉండేది. ఊరి రాజకీయంలో కరణానికున్న బలంలో సగం ఇదే. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థని రద్దు చేసినప్పుడు, కాగితాలు కచేరీకి చేరాయి గానీ ఏ కాగితం దేనికి తాళమో తెలిసిన మనిషి పక్కకి తప్పుకున్నాడు.

తాటాకుకి ఉన్న సుగుణాలూ లోపాలూ ఈనాటి సరంజామాకి పెద్ద దూరం కావు. ఆకుని ఆరబెట్టి, పదును పెట్టి, ఒక కొలతకి కోసి, గంటంతో గీసి, గీతల్లో మసి రుద్దితే అక్షరం తేలుతుంది. ఆకుకి బెజ్జం వేసి తాడు దూర్చి, కిందా పైనా కర్రపలకలు పెట్టి కడితే పుస్తకం. తాడు తెగిందా, రామాయణం బాలకాండలోకి లంక వచ్చి పడుతుంది. అందుకే లేఖకులు ఆకు అంచున సంఖ్య వేసేవారు. గ్రంథం చివర లేఖకుడు తన పేరు, ఎవరి కోసం రాశాడు, ఏ సంవత్సరం ఏ మాసం ఏ తిథినాడు ముగించాడు అన్నది రాసేవాడు. ఆకు ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పే ఆ నాలుగు ముక్కలే తర్వాతి కాలపు పండితులకి కావ్యాల కాలనిర్ణయంలో ఆధారమయ్యాయి.

కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. చెదలూ, రామబాణపు పురుగూ ఏ గ్రంథాన్నీ ఎక్కువ కాలం బతకనివ్వవు. కొన్ని తరాలకోసారి కొత్త ఆకుల మీదికి తిరగరాయాల్సిందే. ఎవరూ తిరగరాయని గ్రంథం నశించింది. ఎవరికీ అక్కరలేనిదే నశించిందని కాదు. రాసేవాడు దొరకని మంచి గ్రంథాలూ పోయాయి.

ఈ తేమకీ పురుగుకీ అందకుండా సమాచారం దాచిన పద్ధతి కూడా ఇక్కడే ఉంది. కోనసీమ అగ్రహారాల వేదపండితులు రాతని నమ్ముకోలేదు. క్రమ, జట, ఘన అన్న పాఠాల్లో మాటల్ని వరసలు మార్చి మార్చి చెబుతారు. జటలో ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు. ఘనలో మూడో మాట కూడా చేరి ముందుకీ వెనక్కీ నడుస్తుంది. ఒక మాట జారితే వెనక్కి నడిచేటప్పుడు పట్టుబడుతుంది. నకలుని సరిచూసుకునే ఏర్పాటు చదువులోనే ఇమిడి ఉందన్నమాట. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ నైప్ ఈ గోదావరి డెల్టా పండితుల జీవితాల్ని దశాబ్దాలపాటు గమనించి, 2015లో 'వేదిక్ వాయిసెస్' పేరుతో పుస్తకం వేశాడు. ఎన్నడూ కాగితం మీద పెట్టని తరాల చదువు గురించి లోకానికి చెప్పాలంటే ఆయన ఏళ్లపాటు నోట్సు రాసుకోవాల్సి వచ్చింది.

కావలి సోదరులు పోగేసిన రాశి

కవిలెల్ని ఊరి బయటికి తెచ్చి ఒకచోట చేర్చిన తొలి పెద్ద ప్రయత్నం కాలిన్ మెకంజీది. సర్వే ఉద్యోగి, 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయనకి భాషలు రావు. ఆయన చేతులూ కళ్లూ ఏలూరుకి చెందిన కావలి సోదరులు. పెద్దవాడు వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే చనిపోయాడు. తర్వాత తమ్ముడు లక్ష్మయ్య ఆ పని భుజానికెత్తుకున్నాడు. వారి కింది గుమస్తాలు ఊరూరూ తిరిగి, కరణాల్ని బతిమాలి, దండకవిలెలు చూసి, గుళ్ల దగ్గర శాసనాలకు నకళ్లు తీసి, ఊరి చరిత్రల్ని రాయించారు. వాటినే కైఫీయతులు అంటున్నాం. తెలుగు, తమిళ, కన్నడ, మరాఠీ భాషల్లో అలా పెద్ద రాశి పోగుపడింది.

1821లో మెకంజీ చనిపోయాడు. చిట్టా అప్పటికే నిండింది. ఆవర్జా మొదలే కాలేదు. ఆయన మనసులో ఉన్న దక్షిణదేశ చరిత్ర పుస్తకం రాయకుండానే పోయింది. హెచ్. హెచ్. విల్సన్ కలకత్తాలో కూర్చుని 1828లో ఆ సేకరణకి ఒక వివరణ పట్టిక అచ్చేశాడు. ఆ కాగితాల్లో ఏ ఊరి సంగతి ఎవరు చెప్పారో, ఏ మాట నమ్మదగిందో తెలిసినవాడు లక్ష్మయ్య. మిగిలిన పని తనకి అప్పగించమని ఆయన అర్జీ పెట్టుకున్నాడు. 1830ల్లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ అందుకు ఒప్పుకోలేదు. పని పాదరీ విలియం టేలర్ చేతికి పోయింది. పోగుచేసినవాణ్ని పక్కనబెట్టి, పోగుని వేరేవాళ్లతో సర్దించిన ఫలితం ఏమిటంటే, ఇవాళ్టికీ ఆ కైఫీయతుల్లో ఏదైనా ఊరిని వెతకాలంటే ముందు పాత పట్టికలతో కుస్తీ పట్టాలి.

ఆ రాశి పాడైపోకుండా ఆపినవాడు సి. పి. బ్రౌన్. 1820ల్లో మచిలీపట్నం, రాజమహేంద్రవరాల్లో కూడా ఉద్యోగం చేసిన బ్రౌన్, తర్వాత కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్నీ లేఖకుల్నీ పెట్టుకున్నాడు. ఒకే కావ్యానికి నాలుగైదు తాటాకు ప్రతులు తెప్పించి, పాఠాలు పోల్చి, కాగితం మీద శుద్ధప్రతి రాయించాడు. మెకంజీ కాగితాలు పురుగు పట్టి రాలిపోతుంటే, వాటికి కొత్త కాగితం మీద నకళ్లు తీయించాడు. స్థానిక రికార్డుల పేరుతో పండితులు ఇవాళ వాడేవి చాలావరకు ఆ నకళ్లే. మెకంజీ, బ్రౌన్ సేకరణల పునాది మీదే మద్రాసులో ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారం లేచింది. అసలు ప్రతి ఎంత మంచిదైనా, దాన్ని కొత్త గూట్లోకి మార్చేవాడు సమయానికి రావాలన్నది బ్రౌన్ కథ.

ముక్తేశ్వరం పంతులుగారు

ఈ వరసలో ఆవర్జా రాయడానికే జీవితం పెట్టినవాడు అచ్చంగా కోనసీమ మనిషి. జయంతి రామయ్య పంతులు 1860లో ముక్తేశ్వరం అగ్రహారంలో పుట్టారు. డిప్యూటీ కలెక్టరు దాకా ప్రభుత్వోద్యోగం చేశారు. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టడంలో ముందున్నారు. తర్వాత కాకినాడకి మారిన ఆ పరిషత్తు తాళపత్రాల్ని సేకరించింది. ఇప్పుడది ప్రభుత్వ మ్యూజియం. పరిషత్తు తలకెత్తుకున్న పెద్ద పని తెలుగు నిఘంటువు. ఖర్చు పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావుగారిది. అందుకే దాని పేరు సూర్యరాయాంధ్ర నిఘంటువు.

పండితులు కావ్యాలు చదువుతూ మాటల్ని ఎత్తి రాయాలి. మాట పక్కన అర్థం, అర్థం పక్కన ఆ మాట వాడిన పద్యపాదం, దాని పక్కన అది ఏ గ్రంథం, ఏ ఆశ్వాసం అన్న సంకేతం. ఎక్కించిన ప్రతి మాటకీ ఆకరం, అంటే అది దొరికిన చోటు, ఉండాల్సిందే. ఈ పద్ధతి అప్పటికి ప్రపంచమంతా నిఘంటుకారులది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువుకి జేమ్స్ మరే, పెరట్లో ఇనుప రేకుల షెడ్డు వేసుకుని, దేశదేశాల పాఠకులు పంపిన చీటీల్ని గూళ్లలో సర్దాడు. ఒక చీటీ మీద ఒక్క మాట, ఒక్క ప్రయోగం, ఒక్క ఆకరం. అప్పుడే చీటీని ఎక్కడికైనా జరపొచ్చు. మరో శతాబ్దం తర్వాత కంప్యూటరు నోట్సుకి వచ్చిన నియమం కూడా అదే.

సూర్యరాయాంధ్రం తొలి సంపుటం 1936లో వచ్చింది. 1941లో పంతులుగారు పోయేనాటికి నిఘంటువు సగం కూడా కాలేదు. ఎనిమిది సంపుటాలూ బయటికొచ్చేసరికి 1970లు వచ్చాయి. ముఖ్య సంపాదకుడు పోయినా, పోషకుడు పోయినా, రాష్ట్రమే మారినా ఆ పని ఆగకుండా సాగిందంటే, ఎత్తిరాసిన ప్రయోగాల్ని కొత్తగా వచ్చిన పండితుడు కూడా చదివి అర్థం చేసుకోగలిగాడు కనకే. కరణం తలలో ఉన్న సర్దుబాటుకీ దీనికీ ఉన్న తేడా ఇదే. పంతులుగారు కూర్చిన శాసనాల సంపుటానిదీ అదే కథ. మద్రాసు రాష్ట్రపు తెలుగు శాసనాలున్న 'దక్షిణ భారత శాసనాలు' పదో సంపుటం ఆయన పోయిన ఏడేళ్లకి, 1948లో అచ్చయింది.

అదే కాలంలో కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టి, అకారాది వరస ఎంచుకున్నారు. 1923లో ఆయన చనిపోయేనాటికి 'అ' అక్షరమే సాగుతోంది. వరస ఎంచుకోవడంలో ఉన్న ప్రమాదం అది. అక్షరక్రమం పట్టుకున్నవాడికి 'గోదావరి' మీద ఎంత సామగ్రి ఉన్నా, వంతు వచ్చేదాకా ఆగాలి.

పంతులుగారి నిఘంటువుకి ఉన్న లోటు కూడా చెప్పుకోవాలి. ఆయన గ్రాంథిక భాషావాదుల నాయకుడు, గిడుగు రామమూర్తికి ఎదుటి పక్షం. కావ్యాల్లో ప్రయోగం లేని పనివాళ్ల మాటలకి ఆయన పుటల్లో చోటు తక్కువ. పొలంలో, మగ్గం దగ్గర వినపడే మాటల్ని ఎత్తిరాసే పని తర్వాతి తరానికి మిగిలింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వచ్చింది. చేనేత సంపుటం 1971లో. అక్కడ ఆకరం అంటే కావ్యం పేరు కాదు, ఆ మాట ఏ ప్రాంతంలో వినపడిందన్నది. ఏది రాసుకోవాలో ముందు తేల్చుకోకపోతే, సర్దే పద్ధతి ఎంత బాగున్నా లేనిదాన్ని దొరకపుచ్చుకోలేం.

తెలుగు తెరకెక్కాక

ఇంటర్నెట్టులో తెలుగు వచ్చిన తొలి రోజుల్లో ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. ఫలానా పత్రిక చదవాలంటే ఫలానా ఫాంటు కావాలి. ఆ పేజీని దాచుకుని, పదేళ్ల తర్వాత తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో కొట్టిన పరిశోధన గ్రంథాలకీ ఇదే గతి. అచ్చయిన పుస్తకం ఉంటుంది, ఫైలూ ఉంటుంది, ఫైల్లో వెతికితే ఒక్క తెలుగు మాటా తగలదు. ఆ గజిబిజిని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అన్న ఫైర్‌ఫాక్స్ పొడిగింపుని తయారుచేసింది వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాని మొదలుపెట్టింది కూడా ఆయనే. ఒక రకంగా 'పద్మ'ది బ్రౌన్ చేసిన నకళ్ల పనే.

యూనికోడ్ వచ్చాక కూడా చిక్కు పూర్తిగా వీడలేదు. ఒకరు "మార్కెట్లో" అని రాస్తారు. ఇంకొకరు "మార్కెట్‌లో" అని రాస్తారు. 'ట్'కీ 'లో'కీ మధ్య కంటికి కనపడని అక్షరం ఒకటి కూర్చుని ఉంటుంది. మరొకరు ఖాళీ వదిలి "మార్కెట్ లో" అంటారు. చూపుకి మూడూ దగ్గరివే, వెతికే యంత్రానికి మూడూ వేరు. పాత పుస్తకాల స్కాన్ల నుంచి అక్షరాలు రాబట్టినప్పుడు అరసున్న, బండి ర అడ్డం వస్తాయి. "వాఁడు" అన్నచోట "వాడు" కోసం వెతికితే చాలా సాఫ్ట్‌వేర్లు లేదనే చెబుతాయి. అందుకే తెలుగులో పనిచేసేవాళ్లకి వెతుకులాట పెట్టె ఒక్కటీ చాలదు. మనిషి చేత్తో పెట్టిన శీర్షిక కూడా కావాలి. ఆవర్జాలో పేరున్న పుట లాంటిది.

మూతపడ్డ కొట్లు

వెబ్‌లో కనిపించింది దాచిపెడతామన్న కొట్లు చాలా తెరిచారు. 2003లో డెలిషియస్ వచ్చి, బుక్‌మార్కులకి ఎవరికి తోచిన గుర్తుమాటలు వాళ్లు తగిలించుకోవచ్చంది. 2005లో దాన్ని యాహూ కొంది, తర్వాత చేతులు మారి మారి వాడిపోయింది. 2006లో గూగుల్ నోట్‌బుక్ వచ్చింది. 2009లో అభివృద్ధి ఆపారు, 2012లో మూసేశారు. తర్వాత చదువుదామని దాచుకునే పాకెట్ 2007లో వేరే పేరుతో పుట్టి, 2017లో మొజిల్లా చేతికొచ్చి, 2025 జూలై 8న మూతపడింది. ఎవర్‌నోట్ మూతపడలేదు గానీ, 2023 డిసెంబరులో ఉచిత ఖాతాకి 50 నోట్సులన్న హద్దు గీసింది. పదేళ్లు దాచుకున్నవాళ్లు డబ్బు కట్టడమో, మూట కట్టుకుని బయటికి రావడమో తేల్చుకోవాల్సి వచ్చింది.

కోనసీమవాళ్లకి ఈ మూట కట్టుకోవడం కొత్త కాదు. 1986 ఆగస్టు గోదావరి వరదలో లంక గ్రామాల ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. 1996 నవంబరు 6 తుపాను కొబ్బరితోటల్ని కూల్చి, ఇళ్ల పైకప్పులు లేపేసింది. పట్టాదారు పుస్తకాలూ, తాతల నాటి దస్తావేజులూ ట్రంకుపెట్టెలో పెట్టి అటకెక్కించే అలవాటు ఇలాంటి అనుభవాల నుంచే బలపడింది. నోట్సుల విషయంలోనూ తొలి ప్రశ్న అదే కావాలి: నీళ్లు వస్తే ఈ పెట్టె ఎత్తుకుపోవచ్చా?

ఆ పరీక్షలో నిలిచేవి కొన్నే. జొటీరో 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయ చరిత్రకారుల బృందం తయారుచేసింది. ఉచితం, దాని మూలం ఎవరైనా చూడొచ్చు. వెబ్ పేజీని దాచినప్పుడు శీర్షిక, రచయిత, తేదీ, చిరునామా విడివిడి గడుల్లో పడతాయి, పేజీ నకలు సొంత కంప్యూటర్లోకి దిగుతుంది. మొత్తం సేకరణని వేరే సాఫ్ట్‌వేర్లు చదవగల రూపంలో బయటికి తీసుకోవచ్చు. పంతులుగారి సంకేతాల గడి లాంటిదే అది. 2020లో వచ్చిన అబ్సిడియన్ నోట్సుల్ని మామూలు అక్షరాల ఫైళ్లుగా సొంత ఫోల్డర్లోనే ఉంచుతుంది. రేపు ఆ కంపెనీ లేకపోయినా ఏ రాతపని సాఫ్ట్‌వేర్‌తోనైనా వాటిని తెరవొచ్చు. వన్‌నోట్, నోషన్ చూడముచ్చటగా ఉంటాయి, బృందంలో పనికి బాగా కుదురుతాయి. కాకపోతే బయటికి తీసుకునేటప్పుడు వాటి అమరిక కొంత చెదురుతుంది.

కోనసీమ అని వెతికితే

సాఫ్ట్‌వేర్ ఏదైనా, శీర్షికలు ఊరికి తగ్గట్టు పెట్టుకోకపోతే పని సాగదు. అమలాపురం మీద పాత రికార్డు వెతికేవాడికి 1859 నుంచి కనిపించేది గోదావరి జిల్లా. 1878 నాటి హెన్రీ మారిస్ వివరణలోనూ, 1907 నాటి హెమింగ్వే గెజెటీరులోనూ అదే పేరు. 1925లో పశ్చిమగోదావరి ఏర్పడ్డాక ఇది తూర్పుగోదావరి. 2022 ఏప్రిల్ 4 నుంచి కోనసీమ జిల్లా, అదే ఏడు ఆగస్టులో డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా. జిల్లా పేరుతో ఫోల్డరు చేసుకున్నవాడి నోట్సు నాలుగు చోట్ల చీలిపోతుంది. ఊరి పేరుతో చేసుకున్నవాడిది ఒక్కచోటే ఉంటుంది.

ఊరి పేర్లూ అంత తేలిక కాదు. రాజోలు ఇంగ్లీషులో 'జడ్' అక్షరంతో రజోల్ అయి కూర్చుంది. కొత్తపేట అంటే కోనసీమలోదే కాదు, గుంటూరులో ఒకటుంది, హైదరాబాదులో ఒకటుంది. పాశర్లపూడిని ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. 1995 జనవరి 8న అక్కడ ఓఎన్జీసీ బావి నుంచి ఎగిసిన మంట 65 రోజులు మండింది. ఆనాటి వార్తలు, సాంకేతిక నివేదికలు, ఊరివాళ్ల జ్ఞాపకాలు పోగేయాలంటే తెలుగు పేరు ఒకటి, ఇంగ్లీషు పేర్లు మూడు నాలుగు, సంస్థ పేరు ఒకటి కలిపి ఒకే పుటకి గుర్తులుగా తగిలించాలి. ఆ పని ఏ యంత్రమూ దానంతటది చెయ్యదు. చేస్తానన్న కృత్రిమ మేధ కూడా ఏ కొత్తపేటో ఒకసారి అడిగి తెలుసుకోవాలి.

ఇక అమలాపురం విద్యార్థి సంగతికొస్తే, అతనికి తగిన ఏర్పాటు పెద్దదేం కాదు. చిట్టాకి జొటీరో: పత్రిక పేరు, తేదీ, పేజీ, చిరునామాతో ప్రతి ధరల పట్టికా అందులో పడుతుంది. ఆవర్జాకి మామూలు ఫైళ్లు: గండేరాకి ఒకటి, గటగటకి ఒకటి, కొత్తకొబ్బరికి ఒకటి. స్క్రీన్‌షాట్‌లోని అంకెని ఆ రోజు సాయంత్రమే చేత్తో దించి, పక్కన చిట్టాలో అది ఎక్కడుందో రాసుకోవాలి. నెలకోసారి రెండింటి నకలూ పెన్‌డ్రైవులోకి తీసి, ఇంట్లో కాకుండా ఇంకో ఊళ్లో ఉంచాలి. ఖర్చు పెన్‌డ్రైవు ధరే. రోజుకి పట్టేది పావుగంట. అంబాజీపేట గుమస్తాకి దీపాలు పెట్టాక అంతకంటే ఎక్కువే పట్టేది.

సూర్యరాయాంధ్ర నిఘంటువు ఇప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైట్లో తెలుగులో టైపు చేసి వెతుక్కోవచ్చు. తాటాకులోంచి కాగితానికీ, కాగితంలోంచి అచ్చుకీ, అచ్చులోంచి తెరకీ వచ్చిన ఆ మాటల పక్కన, ముక్తేశ్వరం పంతులుగారి బృందం కుండలీకరణాల్లో పెట్టిన గ్రంథ సంకేతాలు ఇవాళ కూడా కనిపిస్తాయి.